ఊపిరితిత్తుల్లో ఫంగస్: ముందు ఏ పరీక్ష, తర్వాత ఏ మందు, ఎంత దూరం వెళ్లాలి?

మా బావకి కిడ్నీ మార్పిడి అయి అప్పటికి పద్నాలుగు నెలలు. వాళ్లది సోంపేట పక్క ఊరు. ఉద్దానం అన్నాక కిడ్నీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నూర్పుల రోజుల్లో వద్దంటే వినకుండా నాలుగు రోజులు కళ్లంలోనే కూర్చున్నాడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులకి దగ్గు పట్టుకుంది, పొద్దువాలితే ఒళ్లు వెచ్చబడేది. ఒకచోట వారం రోజులు యాంటీబయోటిక్స్ వాడారు, తగ్గలేదు. ఇంకోచోట ఎక్స్‌రేలో మచ్చ చూసి, కళ్లెలో క్రిమి కనపడకపోయినా టీబీ మందులు మొదలుపెట్టారు. మూడో వారంలో ఒక ఉదయం ఉమ్మిన కళ్లెలో సన్నటి నెత్తురు చార కనిపించింది. అప్పుడు పరుగెత్తాం విశాఖపట్నం. సీటీ తీసి, గొట్టం వేసి, ఊపిరితిత్తి కడిగిన నీళ్లని పరీక్షకి పంపితే పేరు తేలింది. ఆస్పర్‌జిల్లస్. తడిసిన గడ్డి మీద, పాత ధాన్యం మీద పెరిగే బూజే అది.

నేను శ్రీకాకుళంలో మందుల షాపు నడుపుతాను. డాక్టర్ని కాదు. కానీ రోజూ చీటీలు చదివే నాకే ఆ నెలన్నర కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎటు చూసినా రెండు దారులు, మూడు దారులు. ఏ పరీక్షకి డబ్బు పెట్టాలి, ఏ మందు ఒప్పుకోవాలి, ఇక్కడ ఉండాలా, వెళ్లిపోవాలా. ఇప్పుడు షాపుకి వచ్చేవాళ్లు నన్నే అడుగుతున్నారు, "ఏటి బాబూ, ఫంగస్‌కి మంచి మందు ఏది?" అని. ఆ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఏ ఫంగస్? పేరు తెలియకుండా మంచి మందు అనేది లేదు. ఖర్చు తగ్గించుకోవాలంటే మందు దగ్గర వీలున్నచోట తగ్గించుకోండి, పేరు తేల్చే పరీక్ష దగ్గర మాత్రం వద్దు.

## ముందు చూసుకోవాల్సినవి

"ఇమ్యూనిటీ తక్కువ" అన్న మాట ఒక్కటే సరిపోదు. ఎలా తక్కువ అన్నది ముఖ్యం. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 కిందికి పడిపోయినవాళ్లకి బూజులంటే భయం. హెచ్ఐవీలో సీడీ4 అనే తెల్లకణాల లెక్క 200 కిందికి దిగినవాళ్లకి న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ అంటే భయం. కిడ్నీ మార్పిడి వాళ్లకి, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా, టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ మూడూ కలిపి వాడతారు కాబట్టి అన్నిటికీ తలుపు తీసే ఉంటుంది. కీళ్లవాతానికో, ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్ మింగేవాళ్లు తమకి ఇమ్యూనిటీ తక్కువని అనుకోనే అనుకోరు. నా దృష్టిలో ప్రమాదం ఎక్కువ ఉన్నది వీళ్లకే. ఆయుర్వేదం పేరుతో అమ్మే పొడుల్లో కూడా ఒక్కోసారి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, మరిచిపోకండి.

రెండోది, ఎంత వేగంగా ముదురుతోంది. రోజుల్లోనా, వారాల్లోనా? మూడోది, కిడ్నీ, లివరు ఎలా ఉన్నాయి. నాలుగోది, ఇప్పటికే వాడుతున్న మందులతో కొత్త మందుకి పొసగుతుందా. మమ్మల్ని ముంచింది ఇదే, కింద చెబుతాను. డబ్బు, దూరం ఎలాగూ ఉండనే ఉన్నాయి.

## ఎవరు ఎవరు

| ఫంగస్ | ఎక్కువగా ఎవరికి | వేగం | సీటీలో తరచూ కనిపించేది | మొదటి మందు |
|---|---|---|---|---|
| ఆస్పర్‌జిల్లస్ | కీమో, మార్పిడి, ఎక్కువ డోసు స్టెరాయిడ్ | రోజుల నుంచి వారాలు | గడ్డ, చుట్టూ మసక వలయం | వోరికొనజోల్ లేదా ఐసావుకొనజోల్ |
| మ్యూకర్ | అదుపు తప్పిన షుగర్, కీమో, మార్పిడి | రోజులు | పెద్ద గడ్డ. ఒక్కోసారి నడుమ మసక, అంచున గట్టి వలయం | లైపోసోమల్ ఆంఫోటెరిసిన్, వీలైతే ఆపరేషన్ |
| న్యూమోసిస్టిస్ | సీడీ4 200 లోపు, మార్పిడి, దీర్ఘకాలం స్టెరాయిడ్ | హెచ్ఐవీలో వారాలు, మిగతావాళ్లకి రోజులు | రెండు పక్కలా పొగమంచు పట్టిన గాజులా | కోట్రైమాక్సజోల్ |
| క్రిప్టోకోకస్ | హెచ్ఐవీ, మార్పిడి | వారాలు, నెలలు | చిన్నా పెద్దా గడ్డలు | తేలికైతే ఫ్లూకొనజోల్, ముదిరితే ఆంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్ కలిపి |

చివరి నిలువు వరస చూడండి. నాలుగు ఫంగస్‌లకి నాలుగు దారులు. తామరకి ఆర్ఎంపీ రాసిచ్చే ఫ్లూకొనజోల్ 150 బిళ్ల అందరికీ తెలిసిన "ఫంగస్ మందు". అది ఆస్పర్‌జిల్లస్ మీద పనిచెయ్యదు, మ్యూకర్ మీద పనిచెయ్యదు. వోరికొనజోల్ ఎంత గొప్పదైనా మ్యూకర్ దగ్గర దండగే. న్యూమోసిస్టిస్ సంగతి ఇంకా విచిత్రం. పేరు చివర "నజోల్" అని ఉండే ఈ అజోల్ మందులు దెబ్బకొట్టే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం దాని ఒంట్లోనే ఉండదు. అందుకే పేరుకి ఫంగస్ అయినా, దానికి వాడేది పాతకాలపు చవక సల్ఫా యాంటీబయోటిక్.

మ్యూకర్ అంటే 2021 రెండో వేవ్‌లో అందరినీ భయపెట్టిన బ్లాక్ ఫంగస్. అప్పుడు ఎక్కువగా ముక్కు, కన్ను, దవడ దెబ్బతిన్నాయి కాబట్టి అది ఊపిరితిత్తులకీ వస్తుందని చాలామందికి తెలీదు. షుగర్ 400 దాటి, జ్వరం, ఛాతీలో పోటు, కళ్లెలో నెత్తురు ఉంటే ఒక్కరోజు కూడా ఆగే పని కాదు.

న్యూమోసిస్టిస్ మరోలా వస్తుంది. పొడి దగ్గు, కూర్చుంటే బాగానే ఉంటారు, లేచి నడిస్తే ఆయాసం. మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. కోవిడ్ నాటి ఆక్సీమీటరు ఇంట్లో ఏ సొరుగులోనో పడి ఉంటుంది, తియ్యండి. వేలికి తగిలించి వరండాలో నాలుగైదు పచార్లు చేయించండి. కూర్చున్నప్పుడు 97 ఉన్నది నడిచాక 90కి జారితే, ఎక్స్‌రే బాగుందన్న ధీమా పెట్టుకోకండి.

క్రిప్టోకోకస్ పావురాల రెట్టలో ఉంటుంది. దానితో తలనొప్పి కూడా ఉంటే మెదడు పొరల దాకా వెళ్లిందేమో చూడడానికి వెన్నులో నీరు తీస్తారు, భయపడి వద్దనకండి.

ఈ నాలుగూ కాక ఇంకొకటుంది. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్ల ఊపిరితిత్తిలో గుహలాంటి ఖాళీ మిగిలిపోతుంది. అందులో ఆస్పర్‌జిల్లస్ కాపురం పెట్టి నెలల తరబడి దగ్గు, బరువు తగ్గడం, మధ్యమధ్య నెత్తురు. "టీబీ తిరగబెట్టింది" అని మళ్లీ మందులు వాడిస్తారు. కళ్లెలో టీబీ క్రిమి దొరకకపోతే ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అనే రక్తపరీక్ష అడగండి. దానికి ఇట్రాకొనజోల్ కనీసం ఆరు నెలలు వాడతారు. హడావిడిగా విశాఖ పరుగెత్తాల్సిన జబ్బు కాదు, నెత్తురు ఎక్కువగా పడితే తప్ప.

## పరీక్షల్లో దేనికి డబ్బు పెట్టాలి

ఎక్స్‌రే చవక. ఏదో ఉంది అని చెబుతుంది, ఏముందో చెప్పదు. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకి ఏమీ లేదని కూడా గట్టిగా చెప్పలేదు. మార్పిడి, కీమో వాళ్లకి జ్వరం, దగ్గు యాంటీబయోటిక్స్‌తో తగ్గకపోతే రెండో ఎక్స్‌రే, మూడో ఎక్స్‌రే తీస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. ఆ డబ్బు సీటీకి పెట్టండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో సీటీ దొరుకుతుంది. ఛాతీలో ఫంగస్ మచ్చల కోసం చూసే సీటీకి చాలాసార్లు రంగు మందు ఎక్కించక్కర్లేదు. కిడ్నీ మనిషి అయితే ముందే ఆ మాట చెప్పండి.

కళ్లె పరీక్షలో మొదట టీబీ తేల్చుకోవాలి. సీబీనాట్, ట్రూనాట్ అనే టీబీ పరీక్షలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మన దగ్గర టీబీ ఎక్కువే, మార్పిడి వాళ్లకి ఇంకా ఎక్కువ, కాబట్టి డాక్టరు టీబీని అనుమానించడం తప్పు కాదు. పరీక్ష చెయ్యకుండానో, లేదని వచ్చాక ఇంకేమిటని వెతకకుండానో ఉండిపోవడమే తప్పు. కళ్లెలో ఆస్పర్‌జిల్లస్ పెరిగిందని రిపోర్టు వచ్చినా అదొక్కటే రుజువు కాదు. ఆ బూజు బీజాలు గాల్లో ఉంటాయి, మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. సీటీ, మనిషి పరిస్థితి, ఈ రిపోర్టు మూడూ కలిపి చూడాలి.

రక్తంలో గెలాక్టోమానన్ అనే పరీక్ష ఉంది, ఆస్పర్‌జిల్లస్ గోడలోని పదార్థాన్ని పట్టుకుంటుంది. తెల్లకణాలు పడిపోయిన కీమో వాళ్లలో బాగా పనికొస్తుంది. కిడ్నీ మార్పిడి వాళ్లలో రక్తంలో లేదని వచ్చినా లోపల ఉండొచ్చు. మా బావకి అదే అయింది. రక్తంలో నెగెటివ్, ఊపిరితిత్తి కడిగిన నీళ్లలో పాజిటివ్. మ్యూకర్‌కైతే ఈ పరీక్ష ఎప్పుడూ నెగెటివే.

అందుకని బ్రాంకోస్కోపీ. పేరు వినగానే ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు మొదలుపెడతారు, మా అక్క పెట్టింది. సన్నటి గొట్టం ముక్కులోంచో నోట్లోంచో పంపి, ఉప్పునీళ్లు వదిలి, వెనక్కి లాగుతారు. గొంతుకి మొద్దుబారే మందు కొడతారు. బావ బయటికొచ్చి అడిగిన మొదటి మాట "టీ ఎప్పుడు తాగొచ్చు?" అని. మింగడం మామూలయ్యేదాకా ఆగమన్నారు. ఆ ఒక్క నమూనాతో టీబీ, ఆస్పర్‌జిల్లస్, న్యూమోసిస్టిస్, మామూలు బాక్టీరియా అన్నీ చూడొచ్చు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా, ఆక్సిజన్ అందకపోతున్నా డాక్టర్లు వెనకాడతారు. కాబట్టి చేయించేదేదో ఆ స్థితి రాకముందే చేయించాలి. నన్నడిగితే మొత్తం ఖర్చులో దీనికి పెట్టినంత బాగా పలికిన డబ్బు ఇంకోటి లేదు.

మరి పరీక్ష ఫలితం వచ్చేదాకా మందు ఆపాలా? మనిషి దిగజారిపోతుంటే ఆపరు, అంచనా మీద మొదలుపెట్టి ఫలితాన్ని బట్టి మారుస్తారు. నమూనా తీశాక మొదలుపెట్టడం, నమూనా తియ్యకుండానే మొదలుపెట్టడం ఒకటి కాదు, అంతే తేడా.

## మందులు పక్కపక్కన

| మందు | ఎలా ఇస్తారు | కిడ్నీకి | లివరుకి, మిగతా ఇబ్బంది | వేరే మందులతో గొడవ |
|---|---|---|---|---|
| వోరికొనజోల్ | సెలైన్‌లో, తర్వాత మాత్ర; పరగడుపున | మాత్ర ఫర్వాలేదు | లివరు, కళ్ల ముందు మెరుపులు, ఎండకి చర్మం కమలడం | చాలా ఎక్కువ |
| ఐసావుకొనజోల్ | సెలైన్, క్యాప్సూల్. మొదటి రెండు రోజులు మూడు పూటలా, తర్వాత రోజుకి ఒకసారి | ఫర్వాలేదు | వోరికొనజోల్ కన్నా తక్కువ | ఉంది, కొంత తక్కువ |
| పోసాకొనజోల్ | మాత్ర, అన్నంతో | ఫర్వాలేదు | లివరు, పొటాషియం తగ్గడం | ఎక్కువ |
| పాత ఆంఫోటెరిసిన్ | సెలైన్ మాత్రమే, గంటల తరబడి | బాగా దెబ్బ | చలి, వణుకు, పొటాషియం పడిపోవడం | కిడ్నీకి చేటు చేసే మందులతో |
| లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ | సెలైన్ మాత్రమే | దెబ్బ ఉంది, పాతదానికన్నా తక్కువ | పొటాషియం చూస్తూ ఉండాలి | అదే |
| కోట్రైమాక్సజోల్ | మాత్ర, సెలైన్. 21 రోజులు | డోసు సరిచెయ్యాలి | సల్ఫా పడనివాళ్లకి దద్దుర్లు, పొటాషియం పెరగడం | కొన్నిటితో ఉంది |

ఆస్పర్‌జిల్లస్ తేలినవాళ్లకి అసలైన ఎంపిక మొదటి రెంటి మధ్యే. 2002లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో పన్నెండు వారాలకి వోరికొనజోల్ వాడినవాళ్లలో 71 శాతం బతికుంటే పాత ఆంఫోటెరిసిన్ వాడినవాళ్లలో 58 శాతం. అప్పటినుంచి వోరికొనజోల్‌దే ముందు వరస. ఐసావుకొనజోల్ తర్వాత వచ్చింది, పనిలో దానికి తీసిపోదు, ఇబ్బందులు తక్కువ, ధర ఎక్కువ. ఏదైనా కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు వాడాలి కాబట్టి ఒక్క షీటు ధర కాదు, మూడు నెలల ధర లెక్కేసుకుని డాక్టరుతో మాట్లాడండి. రెండు వారాలు ఖరీదైనది వాడి డబ్బుల్లేక మానేయడం కన్నా మొదటినుంచీ చవకైనది సరిగ్గా వాడడం మేలు.

వోరికొనజోల్ ఎంచుకుంటే ఇంకో ఖర్చు కలపండి. ఒకే డోసు ఒకరి ఒంట్లో చాలక, ఇంకొకరి ఒంట్లో ఎక్కువై కూర్చుంటుంది. అయిదారు రోజుల తర్వాత రక్తంలో మందు ఎంతుందో లెవెల్ పరీక్ష చెయ్యాలి, లీటరుకి 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఎండలో పనిచేసేవాళ్లకి, పడవ మీద వేటకెళ్లే వాళ్లకి చర్మం కమిలిపోయే బాధ చిన్నది కాదు, అది ముందే చెప్పండి. రాత్రిపూట బండి నడపకూడదు. బావ మొదటి రోజు మాత్ర వేసుకుని గోడ మీద రంగులు కదులుతున్నాయన్నాడు. దెయ్యమో భ్రమో అనుకుని మా అక్క హడలిపోయింది. అరగంటలో సర్దుకుంది.

మ్యూకర్ అయితే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ దగ్గర బేరం లేదు. కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి రోజుకి 300, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. రోజుకి ఆరు! డబ్బు లేక పాత ఆంఫోటెరిసిన్‌కి దిగాల్సి వస్తే, మార్పిడి చేసిన కిడ్నీ ఉన్నవాళ్లకి అది కిడ్నీని పణంగా పెట్టడమే. ఆసుపత్రిలోని ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ముందే అడగండి, ఈ జబ్బుకి, ఈ మందుకి ఏ మేరకు వర్తిస్తుందో రాయించుకోండి. ఎవరో వర్తించదన్నారని ఊరుకోకండి.

## మేం పడ్డ గోతి

బావకి టీబీ మందులు మొదలయ్యాయని చెప్పాను కదా. అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం ఎర్రగా వచ్చేది దానివల్లే. అది లివరుని తరిమి తరిమి పనిచేయిస్తుంది. వోరికొనజోల్ ఇస్తే ఒంట్లో నిలవనివ్వదు, ఐసావుకొనజోల్ సంగతీ అంతే. టాక్రోలిమస్‌ని కూడా పడగొడుతుంది. రెండు మందులూ కలిపి వాడితే ఫంగస్ మందు వాడుతున్నామన్న తృప్తే తప్ప రక్తంలో మందుండదు. రిఫాంపిసిన్ ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం పోదు.

టీబీ లేదని తేలి రిఫాంపిసిన్ ఆపి వోరికొనజోల్ మొదలుపెట్టాక కథ తిరగబడింది. వోరికొనజోల్ టాక్రోలిమస్‌ని ఒంట్లో పేర్చేస్తుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడు టాక్రోలిమస్‌ని మూడోవంతుకి తగ్గించి, లెవెల్ చూస్తూ సరిచేస్తారు. మాకు ఇంటికి పంపేటప్పుడు రాసిన చీటీలో పాత డోసే ఉండిపోయింది. నాలుగో రోజు బావ చేతిలో టీ గ్లాసు గలగలలాడింది, సాసరులో సగం ఒలికింది. అది నీరసం అనుకున్నాం. నేను షాపులో కూర్చుని ఆ చీటీ రెండోసారి చదువుతుంటే అప్పుడు తట్టింది. ఫోన్ చేస్తే నెఫ్రాలజీ డాక్టరుగారు ఆ పూట డోసు ఆపి వెంటనే లెవెల్ చేయించమన్నారు. టాక్రోలిమస్ మూడింతలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 నుంచి 2.1కి పెరిగింది. వారంలో దారికొచ్చింది.

ఇదే గొడవ చివర్లో మళ్లీ వస్తుంది. వోరికొనజోల్ ఆపిన రోజు టాక్రోలిమస్ పెంచకపోతే లెవెల్ పడిపోయి కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టొచ్చు. ఇట్రాకొనజోల్ వాడేవాళ్లకి ఇంకో చిన్న మాట. ఆ క్యాప్సూల్ అన్నంతో వేసుకోవాలి, గ్యాస్ బిళ్ల వేసుకుంటే సరిగ్గా ఒంటపట్టదు. మన దగ్గర గ్యాస్ బిళ్ల లేని చీటీ నేనెప్పుడూ చూళ్లేదు.

## ఇక్కడా, విశాఖా?

కిడ్నీ మార్పిడి వాళ్లు మార్పిడి చేసిన చోటికి ముందు ఫోన్ చెయ్యండి, అది ఎంత దూరమైనా సరే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక ఉద్దానం వాళ్లకి కిడ్నీ డాక్టరుని కలవడం దగ్గరైంది. మొదటి అడుగు అక్కడ వెయ్యొచ్చు. బ్రాంకోస్కోపీ, టాక్రోలిమస్ లెవెల్, ఫంగస్ మందు లెవెల్, ఈ మూడూ ఎన్ని రోజుల్లో అవుతాయో నేరుగా అడగండి. వారం పడుతుందంటే బయల్దేరండి.

కీమో నడుస్తున్నవాళ్లు, ముఖ్యంగా రక్త క్యాన్సరు వాళ్లు, జ్వరం 100.4 దాటితే దగ్గర్లోని ఆసుపత్రిలో మొదటి యాంటీబయోటిక్ ఎక్కించుకుని కీమో ఇచ్చే చోటికి వెళ్లిపోవాలి. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుంటున్నవాళ్లు అక్కడికే. వీళ్లు ఇంటి దగ్గర "రెండ్రోజులు చూద్దాం" అనే పద్ధతి పెట్టుకోకూడదు.

హెచ్ఐవీ ఉన్నవాళ్లకి నా సలహా తిరగేసి ఉంటుంది. ముందు జిల్లా ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం. సీడీ4, కోట్రైమాక్సజోల్ అక్కడే ఉచితం, మీ ఫైలు అక్కడే ఉంటుంది. ఆక్సిజన్ పడిపోతే మాత్రం పెద్దాసుపత్రికి. ఎవరికైనా తెలుస్తుందేమోనని వేరే ఊళ్లో కొత్త డాక్టరుకి అసలు విషయం చెప్పకుండా చూపించుకునేవాళ్లని చూశాను. డాక్టరు న్యూమోసిస్టిస్‌ని ఊహించాలన్నా ఆ ఒక్క మాట తెలియాలి.

స్టెరాయిడ్ వాళ్లు, పాత టీబీ వాళ్లు నిలకడగా ఉంటే శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో ఛాతీ డాక్టరుతో మొదలుపెట్టొచ్చు, నెల్లిమర్ల, రాగోలు మెడికల్ కాలేజీలు కూడా ఉన్నాయి. స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అది వేరే ప్రమాదం. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి విశాఖ కన్నా బరంపురం చాలా దగ్గర. వెళ్లొచ్చు, కానీ రాష్ట్రం దాటాక మన కార్డు చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

ఎక్కడికెళ్లినా సీటీ ఫిల్ముతో పాటు సీడీ అడిగి తీసుకెళ్లండి, ఫిల్మ్ చూసి మళ్లీ సీటీ తియ్యమనే చోట్లున్నాయి. వాడుతున్న మందులన్నీ, పొడులతో సహా, ఒక సంచిలో వేసుకోండి. చీటీల కన్నా సంచి నిజం చెబుతుంది.

ఇంటికొచ్చాక మాస్కా, దూరంగా ఉండడమా అని అడుగుతారు. మామూలు గుడ్డ మాస్కు బూజు బీజాన్ని ఆపదు. ఎన్95 ఆపుతుంది, కానీ నూర్పిడి దుమ్ములో పూటంతా దాన్ని మొహానికి బిగించుకుని ఎవరూ ఉండలేరు. కాబట్టి గడ్డివాము విప్పేటప్పుడు, పశువుల శాల ఊడ్చేటప్పుడు, పాత ధాన్యం గాదె దులిపేటప్పుడు అక్కడ లేకపోవడమే మేలు. బావ ఈ ఏడు కళ్లానికి రాలేదు. ఇంటి అరుగు మీద నీడలో కూర్చుని, ఎన్ని బస్తాలయ్యాయని గంటకోసారి ఫోన్ చేసి అందరి ప్రాణాలూ తీశాడు.